పాల పద్దు

మంగళవారాలు వస్తుంది లోరెనా స్టాన్‌బ్రో,
బూట్లకి ఆస్పరాగస్ చేల మట్టితో,
చంకలో చాపంత కాగితపు చుట్టతో.
హాడ్లీ టౌన్ హాల్ కింది గదిలో
పాత రికార్డుల బీరువా తాళాలు నావి.
"తొమ్మిది తరాలు దొరికాయి,
ఒక్కటి తేలడం లేదు" అంటుంది,
పంట్లో ఇరుక్కున్న పీచు గురించి చెప్పినట్టు.

తొలి కుటుంబాల సంఘంలో చేరాలట.
పినతండ్రి కూతురు వెర్నా ఎప్పుడో చేరింది,
కోటుకి ఇత్తడి పిన్ను పెట్టుకుని చర్చికొస్తుంది.
"దానికి ఆధారం ఎవరిచ్చారో!"

చుట్ట విప్పి పరుస్తాం.
ఒక మూల స్టేప్లరు, ఒక మూల నా టీ కప్పు,
ఒక మూల ఆమె కళ్లజోడు పెట్టె,
నాలుగో మూలకి నా మోచెయ్యి.
పైన ఒబడయా. ఓడ దిగినవాడు.
నది వంపులో ముప్పై ఎకరాలు రాయించుకున్నవాడు.
ఆ దస్తావేజూ ఇక్కడే ఉంది:
అమ్మినవాళ్ల సంతకం చోట
తోకెత్తిన పిట్టబొమ్మ ఒకటి.
ఆ పిట్టని తండ్రి పేరు ఎవరూ అడగలేదు.
మేమూ పేజీ తిప్పేశాం.

కింద ఆడవాళ్లు:
సబ్మిట్, సైలెన్స్, మైండ్‌వెల్, థాంక్‌ఫుల్.
మా వైపు ఆడపిల్లలకి దేవతల పేర్లు,
ఇక్కడ ఆజ్ఞలు.
అణిగి ఉండు. మాట్లాడకు. గుర్తుంచుకో.
"సైలెన్స్‌కి పదకొండు మంది పిల్లలు,
ఆ ఇంట్లో నిశ్శబ్దం ఆవిడ పేరొక్కటే" అని
నవ్వుతుంది లోరెనా.
ఏ ఇంటి పిల్లో మాత్రం రాయలేదు.
ఫలానావాడి భార్య అన్నచోట
పుట్టింటి పేరు సిరాలో ఇంకిపోయింది.

ఓసారి నన్నడిగింది: "నీకెన్ని తరాలు తెలుసు?"
మూడన్నాను.
తద్దినం రోజు మా అన్న నువ్వులూ నీళ్లూ వదులుతూ
తండ్రి, తాత, ముత్తాత దగ్గర ఆగుతాడు.
ఆ పైవాళ్లు దేవతల్లో కలిసిపోయారంటారు,
మరిచిపోవడానికి మర్యాదైన మాట అది.
పెన్సిలు చెవి మీద దోపుకుని
చాలాసేపు ఏమీ అనలేదామె.

దొరికింది నవంబరులో.
ఊరి పెద్దల ఖర్చుల పుస్తకం, ఎలక కొరికిన అంచు.
వంతెన పలకల ఖర్చుకీ
తోడేలు తలకిచ్చిన బహుమానానికీ మధ్య
ఇరుకున కూర్చున్న ఒక పద్దు.
గొలుసుకట్టు రాత నాకు అలవాటు కనక నేనే చదివాను:
"సత్రం గుమ్మాన దొరికిన మగశిశువు,
ఎవరి బిడ్డో తెలియదు,
స్టాన్‌బ్రో ఇంట పెంచుటకు ఒప్పుకున్నారు.
పాలకు, విధవ థాంక్‌ఫుల్ డన్‌లీకి, రెండు షిల్లింగులు."

అయిదో తరం.
పటంలో సరిగ్గా ఆ చోటే
రాసి, చెరిపి, రాసి
కాగితం ఉల్లిపొరై ఉంది.

ఏరుల పుట్టుకా శూరుల పుట్టుకా అడగకూడదని
మా అమ్మమ్మ అనేది. నోటిదాకా వచ్చింది.
కానీ ఎదురుగా ఉన్నది ఏరూ కాదు, శూరురాలూ కాదు,
పొద్దున్నే చేలో ఎండిన పొదలు కోసి
వేళ్లు గీరుకుపోయి వచ్చిన మనిషి.
మింగేశాను.

"ఈ ముక్కు ఒబడయాదేనని మా నాన్న..."
ముక్కు తడుముకుంది.
తర్వాత నవ్విందో, తుమ్మిందో.
"వెర్నా పిన్ను సంగతేం చేద్దాం?"
మళ్లీ తనే, "ఉండనీ, దానికదే అందం."

పటం చుట్టలేదు. రబ్బరు తీయలేదు.
ఆ పేజీ నకలు కావాలని
చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది.
"రెండు షిల్లింగులకి ఎన్ని నెలల పాలొస్తాయి?"
తెలియదన్నాను.
"థాంక్‌ఫుల్‌కి చంటిబిడ్డ ఉండే ఉండాలి కదా అప్పుడు?
లేకపోతే, పోయిన బిడ్డ?"

మరణాల పుస్తకం కోసం నిచ్చెనెక్కాను.
పై మెట్టు మీంచి కనబడింది:
పటం మీదకి వంగి,
అయిదో తరం పక్కన, ఏ కొమ్మకీ అంటని చోట,
పెన్సిలు మొన నాలికతో తడుపుకుని
ఆమె రాస్తోంది
పాలు, అని.